ఈయేడు నల్గొండ టీం ఎట్ల ఉండబోతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మన దోస్తుల కంప్యూటర్ బేస్‌బాల్ లీగ్‌ల నల్గొండ లెఫ్ట్ ఫీల్డర్‌ని మిర్యాలగూడకిచ్చి ముగ్గుర్ని తెచ్చుకున్న ట్రేడ్ అయిన దగ్గరనుంచి ఒకటే ప్రశ్నలు. ఒకలు ఫోన్ చేసి అడుగుతరు, ఒకలు క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుతుంటే ఆపి అడుగుతరు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు సీజన్ మొదలుకాకముందే అన్నీ ఒక్కదగ్గర రాస్తున్న. కొత్తగా ఫాలో అయ్యేటోళ్ళు పైనుంచి చదువుండ్రి, పాతోళ్ళు డైరెక్ట్‌గా ట్రేడ్ ప్రశ్నకి పోవచ్చు.

అసలు ఈ లీగ్ ఏంది? నిజం ప్లేయర్లు ఉన్నరా ఇందుల?

లేరు. ఇది మొత్తం కల్పిత లీగ్, మనం దోస్తులం కలిసి కంప్యూటర్ మీద నడుపుకునేది. నల్గొండ, పాలమూరు, సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ, వనపర్తి, గద్వాల, భువనగిరి, మొత్తం 8 టీంలు. అవుట్ ఆఫ్ ది పార్క్ బేస్‌బాల్ అనే సిమ్యులేషన్ గేమ్ ఉంది కదా, 1999ల మొదటి వెర్షన్ వచ్చింది, దాంట్ల నడుస్తది. ప్లేయర్లందర్నీ ఆ గేమే పుట్టిస్తది, ప్రతి ఒక్కనికి వయసు, చేతివాటం, స్పీడ్, గ్లవ్ పనితనం (ఫీల్డింగ్), దెబ్బలు తగిలే గుణం అన్నీ ఉంటయి. మన పని టీం నడుపుడు: ఎవర్ని కొనాలె, ఎవర్ని అమ్మాలె, లైనప్‌ల ఎవరు ముందు ఎవరు వెనక, ఏ పిచ్చర్ (బంతి వేసేటోడు) ఏ రోజు. అది సెట్ చేసి ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేసి పంపితే లీగ్ చూసుకునే కమిషనర్ ఆ సిమ్యులేషన్ నడుపుతడు, ఒకసారి నడిస్తే ఇగ ఎవ్వరూ ఏం మార్చలేరు. రూల్స్ అమెరికా మేజర్ లీగ్‌వే పెట్టుకున్నం, 162 మ్యాచ్‌లు, 26 మంది రోస్టర్ (టీం జాబితా).

రీటూల్ అంటున్నవ్, అంటే రీబిల్డే కదా? మల్ల మూడేండ్లు ఓడుడేనా?

కాదు. రీబిల్డ్ అంటే ఇల్లు మొత్తం కూలగొట్టి పునాది నుంచి కట్టుడు, ఉన్న మంచి ప్లేయర్లందర్నీ అమ్మి 19, 20 ఏండ్ల పిల్లల్ని తీసుకొని ఏండ్లకేండ్లు ఆగుడు. మనం చేసేది గోడలు అట్లనే ఉంచి కారుతున్న కప్పు మార్చుకునుడు. మన స్టార్టింగ్ పిచ్చర్లు (మ్యాచ్ మొదలుపెట్టేటోళ్ళు) మంచోళ్ళు, నలుగురూ 30 లోపే, వాళ్ళని ఎందుకు అమ్ముకుంట? పోయినేడు మనం ఓడింది పిచ్చింగ్‌తోని కాదు, వాళ్ళ వెనక నిలబడ్డ ఫీల్డర్లతోని. ఆ ఒక్క ముక్క సరిచేస్తే ఈయేడే లెక్కల ఉంటం, ఇదే నా నమ్మకం, కింద రాసిన జవాబులన్నీ దీని చుట్టే తిరుగుతయి.

అన్నా నిజం చెప్పు, హోమ్ రన్లు (ఫెన్స్ దాటే దెబ్బలు) కొట్టే లెఫ్ట్ ఫీల్డర్‌ని మిర్యాలగూడకి ఎందుకిచ్చినవ్?

ఎక్కువ మంది అడిగింది ఇదే, కోపం కూడ దీనిమీదనే, ఆ కోపం నాకు అర్థమయితది ఎందుకంటే ఆ ప్లేయర్ కొట్టిన హోమ్ రన్లు నేను కూడ గట్టిగ అరుచుకుంట చూసినోన్నే. కానీ ఇప్పుడు 33 ఏండ్లు. బ్యాటర్‌కి మంచి వయసు 26 నుంచి 29 దాక అనుకోవచ్చు, ఆ తర్వాత మొదట కాళ్ళు పోతయి, అటెన్క చేతి వేగం తగ్గుతది, బలం ఒక్కటి చివరిదాక మిగుల్తది. మన లెఫ్ట్ ఫీల్డ్ పెద్దది, ఫెన్స్ దూరం, అక్కడ కాళ్ళు లేని మనిషిని పెడితే సింగిల్ (మొదటి బేస్ దాక పోయే హిట్) కావాల్సింది డబుల్ (రెండో బేస్ దాక) అయితది, డబుల్ కావాల్సింది ట్రిపుల్ అయితది. బ్యాట్‌తోని తెచ్చిన రన్స్‌ల సగం గ్లవ్‌తోని తిరిగి ఇచ్చుడే. పైగా ఇంకా రెండేండ్ల కాంట్రాక్ట్ పెద్ద జీతంతోని మిగిలి ఉండె.

బదులుగా మనకి ముగ్గురొచ్చిన్రు. 24 ఏండ్ల షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల నడుమ నిలబడే ఫీల్డర్), ఒక ఎడమచేతి రిలీఫ్ పిచ్చర్ (స్టార్టర్ తర్వాత దిగేటోడు), ఇంకో 19 ఏండ్ల క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి పట్టేటోడు, ఇప్పట్ల రాడు). ఆ షార్ట్‌స్టాప్ బ్యాటింగ్ బలహీనమే, అది దాచేది ఏం లేదు. కానీ గ్లవ్ మాత్రం లీగ్ మొత్తంల ముందు వరుసల ఉంటది, ఈ ట్రేడ్ ఆ గ్లవ్ కోసమే చేసిన.

పిచ్చింగ్ బాగున్నదంటవ్, మరి పోయినేడు అన్ని రన్స్ ఎట్ల ఇచ్చినం?

ఇది జర నిదానంగ చెప్పాలె. ఈఆర్ఏ అని ఒక లెక్క ఉంటది, 9 ఇన్నింగ్స్‌కి ఒక పిచ్చర్ సగటున ఎన్ని రన్స్ ఇచ్చిండు అని, ఎర్రర్ల (ఫీల్డర్ల తప్పుల) వల్ల వచ్చిన రన్స్ తీసేసి లెక్కేస్తరు. చూస్తే అంతా పిచ్చర్ ఖాతానే అనిపిస్తది. కానీ 2001ల వోరోస్ మెక్రాకెన్ అనే ఆయన ఒక మాట రాసిండు, దానికి బేస్‌బాల్ లోకం మొత్తం ఉలిక్కిపడ్డది: బ్యాట్‌కి తగిలి గ్రౌండ్‌ల పడ్డ బంతి హిట్ అయితదా అవుట్ అయితదా అన్నది పిచ్చర్ చేతుల చాలా తక్కువ ఉంటది. స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతోని అవుట్), వాక్‌లు (నాలుగు బాల్స్‌తోని ఊకెనే మొదటి బేస్), హోమ్ రన్లు ఇవి మూడే ముఖ్యంగ పిచ్చర్‌వి, మిగతాది ఫీల్డర్లు, అదృష్టం. అందుకే ఎఫ్‌ఐపీ అని ఇంకో లెక్క పుట్టింది, అందుల ఆ మూడింటినీ, బ్యాటర్ ఒంటికి తగిలిన బంతుల్ని మాత్రమే చూస్తరు.

మన నలుగురు స్టార్టర్లకి ఎఫ్‌ఐపీ బాగుంది, ఈఆర్ఏ బాగలేదు. ఒక్కనికి అట్ల ఉంటే అదృష్టం బాగలేదు అనుకోవచ్చు, నలుగురికీ సీజన్ మొత్తం అట్లనే ఉంటే అది వెనక నిలబడ్డోళ్ళ సంగతి. అందుల ఇద్దరు సింకర్ వేసేటోళ్ళు, అంటే ప్లేట్ కాడికి, అంటే బ్యాటర్ ముందుకి, వచ్చేసరికి బంతి కిందికి దిగుతది, బ్యాటర్ దాని పైభాగం కొడ్తడు, బంతి నేలమీద ఉరుకుతది. ఇసుంటి పిచ్చర్లని పెట్టుకొని ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల కాడ నిలబడే ఫీల్డర్లు) బలహీనంగ పెట్టుకునుడు మన టీం చేసిన పెద్ద నష్టం.

కానీ పాత షార్ట్‌స్టాప్ ఎర్రర్లు చాలా తక్కువ చేసిండు కదా?

అవును తక్కువే చేసిండు. బంతి కాడికి చేరితే కదా ఎర్రర్ అయ్యేది, చేరకపోతే స్కోరర్ అది హిట్ అని రాస్తడు, పిచ్చర్ ఖాతాల పడ్తది, షార్ట్‌స్టాప్ పేరుమీద ఏ మచ్చా ఉండదు. పోయినేడు పాలమూరుతోని ఆఖరి సిరీస్‌ల 8వ ఇన్నింగ్స్ లాగ్ (గేమ్ రాసిచ్చే ఆట వివరం) నాకు ఇంకా యాదికుంది. ఒక రన్ లీడ్‌ల ఉన్నం, రెండు అవుట్లు, రెండో బేస్ మీద రన్నర్. లాగ్‌ల వచ్చిన లైన్ ఏందంటే గ్రౌండ్ బాల్, షార్ట్‌కి థర్డ్ బేస్‌కి నడుమకెళ్లి లెఫ్ట్ ఫీల్డ్‌కి, సింగిల్, రన్నర్ సేఫ్. స్కోర్ సమం. తర్వాతి బ్యాటర్‌కి మల్ల అసుంటి బంతే, ఈసారి రెండో బేస్ పక్కనుంచి. ఎర్రర్ల గడిల సున్నా. మ్యాచ్ పోయింది, అందరూ పిచ్చర్‌ని తిట్టిన్రు, కానీ ఆ పిచ్చర్ రెండుసార్లు బంతిని సరిగ్గ నేలమీదికే కొట్టించిండు, చెయ్యాల్సిన పని చేసిండు.

షిఫ్ట్ పెట్టుకుంటే సరిపోదా? ఫీల్డర్లని జరిపితే అయిపోతది.

పోదు. మేజర్ లీగ్‌ల 2023 నుంచి షిఫ్ట్ మీద కట్టడి పెట్టిన్రు, పిచ్చర్ బంతి వేసేటప్పుడు రెండో బేస్‌కి అటిద్దరు ఇటిద్దరు ఇన్‌ఫీల్డర్లు ఉండాలె, నలుగురి కాళ్ళూ ఇన్‌ఫీల్డ్ హద్దు లోపలనే ఉండాలె. మన లీగ్‌ల కూడ అదే రూల్. ఇంతకు ముందు నిదానంగ ఉండే ఫీల్డర్‌ని మంచి జాగల నిలబెట్టి గట్టెక్కేటోళ్ళు, ఇప్పుడు ఆ అవకాశం పోయింది, కాళ్ళున్నోడే కావాలె.

ఒక్క షార్ట్‌స్టాప్ మారితే అంత తేడా వస్తదా?

ఒక్కడే కాదు. క్యాచర్, సెకండ్ బేస్, షార్ట్, సెంటర్ ఫీల్డ్, ఈ నాలుగు జాగల్ని కలిపి నడుమ లైన్ అంటం, ఎక్కువ బంతులు ఈ లైన్ చుట్టే వస్తయి. అందుల మూడు జాగలు మార్చినం. సెకండ్ బేస్‌ల మన దగ్గరే కింది లీగ్‌ల ఆడుతున్న 22 ఏండ్ల పిలగాన్ని పైకి తెచ్చినం, క్యాచర్‌ని భువనగిరి వదిలేస్తే చవక జీతానికి తీసుకున్నం.

డబుల్ ప్లే ఎట్ల అయితదో ఒకసారి చూడుండ్రి, నడుమ లైన్ విలువ తెలుస్తది. మొదటి బేస్ మీద రన్నర్ ఉన్నడు. గ్రౌండ్ బాల్ షార్ట్‌స్టాప్ దిక్కు వచ్చింది, అందుకుంట అందుకుంటనే మెడకాయ ఎత్తకుండ రెండో బేస్ దిక్కు విసరాలె, విసురు కూడ సెకండ్ బేస్‌మన్ ఛాతి ఎత్తుల రావాలె, కిందికొస్తే కాలు తడబడ్తది. అక్కడ బేస్ తొక్కుతనే మీదికి జారుకుంట వస్తున్న రన్నర్ కాళ్ళ కెళ్లి తప్పుకొని మొదటి బేస్‌కి విసరాలె. ఇటు బ్యాటర్ 90 అడుగులు ఉరకాలె, అంటే 27 మీటర్ల పైచిలుకు, మంచి స్పీడ్ ఉన్నోడు నాలుగు సెకండ్ల కొంచెం అటిటుగా చేరుతడు. ఇదంతా ఆ నాలుగు సెకండ్లల్నే అయిపోవాలె. స్కోర్ బుక్కుల దీన్ని 6-4-3 అని రాస్తరు, షార్ట్‌ది 6వ నంబర్, సెకండ్ బేస్‌ది 4, ఫస్ట్ బేస్‌ది 3. ఒక్క బంతికి రెండు అవుట్లు, ఇన్నింగ్స్ నడుం విరిగిపోతది. సింకర్ పిచ్చర్లు బతికేదే దీనిమీద, పోయినేడు మన ఇన్‌ఫీల్డ్ ఇసుంటివి ఎన్ని సగంల వదిలేసిందో లాగ్‌లు చదివినోళ్ళకి తెలుసు.

కొత్త క్యాచర్ బ్యాటింగ్ అస్సల్ రాదంట?

రాదు, నిజమే. ఆ క్యాచర్‌ని తెచ్చింది ఫ్రేమింగ్ కోసం. స్ట్రైక్ జోన్ (స్ట్రైక్ అనిపించుకునే హద్దు) అంచుల పడ్డ బంతిని గ్లవ్ కదలకుండ మెత్తగ పట్టుకుంటే అంపైర్‌కి స్ట్రైక్ లెక్క కనపడ్తది. మన గేమ్‌ల కూడ ఆ గుణానికి రేటింగ్ ఉంది.

మరి రన్స్ ఎవరు తెస్తరు? ఫీల్డింగ్‌తోని రన్స్ రావు కదా.

నాకు కూడ నిద్ర పట్టకుండ చేసే ప్రశ్న ఇదే. హోమ్ రన్లు తగ్గుతయి, అందుల డౌట్ లేదు. మన ఫస్ట్ బేస్‌మన్, థర్డ్ బేస్‌మన్ ఇద్దరే నిజమైన పవర్ ఉన్నోళ్ళు, వాళ్ళకి ముందు బేస్ మీదికి చేరేటోళ్ళు కావాలె. అందుకే లైనప్‌ల మొదటి రెండు జాగలల్ల ఓపికతోని నాలుగు బాల్స్ తీసుకొని వాక్ తెచ్చేటోళ్ళని పెడ్తున్న. రైట్ ఫీల్డర్ అట్లాంటోడే, కొట్టింది తక్కువ కనపడ్తది కానీ ఎప్పుడు చూసినా బేస్ మీదనే ఉంటడు.

రెండోది దొంగతనం, అదే స్టీల్, అంటే బ్యాటర్ కొట్టకుండనే రన్నర్ తర్వాతి బేస్‌కి ఉరుకుడు. 2023ల మేజర్ లీగ్‌ల బేస్‌ల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచిన్రు, పిచ్చర్ ఊకె మొదటి బేస్‌కి విసరకుండ కట్టడి చేసిన్రు, ఆ ఒక్క సీజన్‌ల స్టీల్స్ 3,500 దాటినయి, 1987 తర్వాత అప్పటిదాక అన్ని ఎన్నడూ లేవు. మన సెటప్ కూడ ఈ కాలం రూల్సే కాబట్టి ఉరికేటోళ్ళకి మంచి రోజులే. అట్లని అందర్నీ ఉరికియ్యను, 100 సార్లు ఉరికితే 70, 75 సార్లన్న బతికితేనే లాభం, లేకుంటే అవుట్ పోగొట్టుకున్నట్టే. సెకండ్ బేస్ పిలగానికి, సెంటర్ ఫీల్డర్‌కి మాత్రం ఎప్పుడంటే అప్పుడు ఉరకమని పర్మిషన్ ఇచ్చిన.

మన ఏస్ (అందరికన్న మంచి పిచ్చర్) ఎప్పుడొస్తడు?

పోయినేడు ఆగస్టుల మోచేతి లిగమెంట్ తెగింది, టామీ జాన్ సర్జరీ అయింది. కోలుకునుడికి 12 నుంచి 18 నెలలు పడ్తది, అంటే ఈ సీజన్‌ల రాకపోవచ్చు అనే అనుకొని ప్లాన్ చేస్తున్న. సెప్టెంబర్‌ల రెడీ అని గేమ్ చూపించినా నేను తొందరపెట్టను. చెయ్యి పోయింది ఇగ అంతే అనుకునేటోళ్ళకి ఒక మాట. ఆ సర్జరీకి పేరొచ్చిన టామీ జాన్ మేజర్ లీగ్ డాడ్జర్స్ టీంల ఎడమచేతి పిచ్చర్, 1974ల డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి చేసిండు, 1975 సీజన్ మొత్తం పోయింది, 1976ల తిరిగొచ్చిండు, కెరీర్‌ల గెలిచిన 288 మ్యాచ్‌లల్ల 164 సర్జరీ తర్వాత గెలిచినవే.

సెంటర్ ఫీల్డ్ కుర్రోన్ని, ఆ 20 ఏండ్లోన్ని, ఇప్పుడే ఎందుకు దించుతలేరు బావా?

బ్రేకింగ్ బాల్ (వంపు తిరిగే బంతి) ఇంకా కొట్టస్తలేదు. కింద ఉంటే రోజూ ఆడతడు, పైకొస్తే బెంచ్ మీద కూసుంటడు. తొందరపడి తెచ్చి, నెల రోజులు స్ట్రైకౌట్ అయ్యి, రేటింగ్ పడిపోయిన పిల్లల్ని ఈ లీగ్‌ల మస్తుమందిని చూసినం. వచ్చే ఏడు మాట్లాడుకుందాం.

బుల్‌పెన్, అంటే రిలీఫ్ పిచ్చర్లు?

ఎడమచేతి రిలీవర్ రావుడు మంచిగైంది. కానీ 2020 నుంచి ఉన్న రూల్ ప్రకారం దిగిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలె, లేదా ఇన్నింగ్స్ అయిపోవాలె, ఒక్క బ్యాటర్ కోసం దించి తీసేసుడు కుదరదు. కాబట్టి కుడిచేతి బ్యాటర్లని కూడ తట్టుకునేటోడే కావాలె, మనకొచ్చినోడు తట్టుకుంటడు. క్లోజర్ (ఆఖరి ఇన్నింగ్స్ వేసేటోడు) పాతోడే.

పాలమూరుని ఈయేడన్న కొడ్తమా?

పాలమూరు టీం మంచి టీం, ఒప్పుకోవాలె. వాళ్ళ లైనప్‌ల ఎడమచేతి బ్యాటర్లు ఎక్కువ, మన స్టార్టర్లేమో ముగ్గురు కుడిచేతోళ్ళు, ఎడమచేతి బ్యాటర్‌కి కుడిచేతి పిచ్చర్ బంతి మంచిగ కనపడ్తది, ఇది ఏ లీగ్‌ల అయినా ఉన్న సంగతే. అందుకే పాలమూరు సిరీస్ ఉన్నప్పుడల్లా రొటేషన్‌ని (స్టార్టర్ల వంతుల్ని) ఒక రోజు జరిపి మన ఒక్క ఎడమచేతి స్టార్టర్‌ని కచ్చితంగ అందుల పడేటట్టు చూస్త. పిల్లలమర్రి పక్కపొంటి కూసొని వాళ్ళు ఎన్ని మాటలన్నా మనకి జవాబు గ్రౌండ్‌లనే. సిరీస్ సగం సగం అయితే ఈయేడికి అది మంచి ఫలితం, అంతకన్న ఎక్కువ ఆశ పెట్టను.

ఎండ లెక్కకొస్తదా?

లెక్కకొస్తది. లీగ్ సెటప్‌ల మన ఊరి వాతావరణమే పెట్టినం, మే నెలల నల్గొండ ఎండ 44 డిగ్రీల దాక పోతది, వేడి గాలి పలచగ ఉంటది కాబట్టి బంతి ఇంకొన్ని అడుగులు ఎక్కువ ఎగురుతది. గాల్లోకి కొట్టిచ్చుకునే పిచ్చర్లకి ఏప్రిల్, మే కష్టకాలం. మన సింకర్లకి ఆ బాధ తక్కువ, నేలమీద ఉరికే బంతికి ఎండతోని పనేముంది.

మొత్తం మీద ఎన్ని గెలుస్తం?

నంబర్ చెప్పమంటే లెక్కతోనే చెప్త. బిల్ జేమ్స్ అనే ఆయన ఒక ఫార్ములా ఇచ్చిండు: చేసిన రన్స్‌ని దాంతోనే గుణించుండ్రి, ఇచ్చిన రన్స్‌ని కూడ అట్లనే, మొదటిదాన్ని రెండింటి కూడికతోని భాగిస్తే గెలుపు శాతం దగ్గరదగ్గర వస్తది. ఉదాహరణకి ఒక టీం 700 చేసి 700 ఇస్తే సగం, అంటే 162ల 81. అదే టీం 700 చేసి 650 ఇస్తే 87 దాక పోతది. ఒక్క బ్యాటర్‌ని కొనకుండనే ఆరు గెలుపులు. మన ప్లాన్ మొత్తం ఈ లైన్‌లనే ఉంది. ఇయ్యాల్టికి నా అంచనా సగం కంటే కొంచెం పైన, మూడో స్థానం కోసం దేవరకొండతోని, సూర్యాపేటతోని పోటీ. ప్లేఆఫ్‌లు అక్టోబర్‌ల, బతుకమ్మ దసరా టైముకి, అప్పటిదాక రేసుల ఉంటే మంచి పండుగే.

నాకు క్రికెటే తెలుసు, ఏం చూడాలె నేను?

బంతి నేల తాకకుండ వస్తది, పిచ్చర్ నిలబడే జాగ 60 అడుగుల 6 అంగుళాల దూరం అంటే 18 మీటర్లు దాటి, మన 22 గజాల పిచ్ కంటే జర దగ్గర. బంతి కూడ క్రికెట్ బంతి కంటే తేలిక, 142 నుంచి 149 గ్రాములు. బ్యాట్ గుండ్రంగ ఉంటది కాబట్టి సరిగ్గ తగిలించుడే కష్టం, పదిల మూడుసార్లు హిట్ కొట్టేటోడు గొప్పోడు. ఎన్‌జీ కాలేజ్ గ్రౌండ్‌ల స్లిప్‌ల నిలబడి క్యాచ్‌లు పట్టినోళ్ళకి మన షార్ట్‌స్టాప్ ఆట చప్పున నచ్చుతది, అక్కడికెళ్లి మొదలు పెట్టుండ్రి. మన దేశపోళ్ళు ఆడిన్రా అంటే ఆడిన్రు, రింకూ సింగ్, దినేష్ పటేల్ అని యూపీ పిల్లలు, జావెలిన్ విసిరేటోళ్ళు, 2008ల ఒక టీవీ పోటీ నుంచి పైకొచ్చి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తోని కాంట్రాక్ట్ రాసుకున్నరు.

జులై వరకి వెనకబడితే ఏం చేస్తవ్? మల్ల అమ్ముడేనా?

ట్రేడ్ గడువు జులై ఆఖరికి. అప్పటికి సగం కంటే బాగ కిందుంటే క్లోజర్‌ని, కాంట్రాక్ట్ అయిపోతున్న థర్డ్ బేస్‌మన్‌ని ఇస్త, ఎందుకంటే ఉంచుకున్నా వచ్చే ఏడు మనతోని ఉండరు. సగం మీద ఉంటే ఒక బ్యాటర్ కోసం అడుగుత, మిర్యాలగూడకి ఫోన్ చేసుడు మాత్రం కాదు. ఎట్లున్నా నలుగురు స్టార్టర్లు, కొత్త షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ పిలగాడు, ఈ ఆరుగురి గురించి ఎవరు ఫోన్ చేసినా జవాబు లేదు అనే. ఇప్పటికే సూర్యాపేట ఓనర్ ఒకసారి అడిగిండు, లేదన్న.